మంచు నింపిన కారు

సంత రోజున తెల్లవారేసరికి డ్రైవరు కనక వచ్చేది. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, తాళాలు అడిగి తీసుకుని, ముందు కారు అద్దాలు తుడిచేది. ఆ తర్వాత లోపల కూర్చుని మీట నొక్కేది. అంత పెద్ద కారూ బుస్సుమని ఊపిరి వదిలి, నాలుగు చక్రాల మీదా మెల్లగా కిందికి దిగేది. వరహాలరావు చేతికర్ర ఊతంగా వచ్చి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, వంటింట్లో పీట మీద కూర్చున్నంత తేలిగ్గా సీట్లో కూర్చునేవాడు. తలుపు పడ్డాక కారు మళ్లీ పైకి లేచేది.

ఎవరి చెయ్యీ పట్టుకోని ఆ కాసేపటి కోసమే అతను ఆ కారు కొన్నాడు.

వరహాలరావుది శృంగవరపుకోట. అన్నయ్య దేవీప్రసాద్‌తో కలిసి పసుపు, అల్లం, మిరియాల వ్యాపారం. అన్నయ్య కింద కొట్టు చూసుకునేవాడు, తమ్ముడు కొండ మీద సంతలు తిరిగి సరుకు కొనేవాడు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఈ సీజన్ పోనీ అంటూ అంటూనే యాభై దగ్గర పడ్డాడు. అలాంటివాడు ఒక రోజు పసుపు బస్తాల లారీ మీంచి జారి వెల్లకిలా పడ్డాడు. వెన్నులో ఇనుప కడ్డీలు వేశారు. నాలుగడుగులు నడవచ్చు, కూర్చోవచ్చు, కానీ కుదుపు మాత్రం తగలకూడదన్నారు. ఆటో ఎక్కినా, జీపెక్కినా, రోడ్డు మీద చిన్న గుంటకే నడుంలో నిప్పు రాజుకునేది.

అప్పటినుంచీ అన్నయ్యే అన్నీ. మంచం మీంచి లేపేది, స్నానాల గదికి మోసుకుపోయేది, ఒళ్లు తుడిచేది. ఏ రోజూ విసుక్కోలేదు. అలా విసుక్కోకపోవడమే వరహాలరావుకి భరించరానిదిగా ఉండేది. చివరికి రైసుమిల్లులో తన వాటా అమ్మేసి, విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసిన ఆ విదేశీ కారు కొనుక్కొచ్చాడు. ఊరంతా నవ్వింది. మామూలు కార్లకుండే ఇనుప స్ప్రింగులు దీనికి లేవు. ఒక్కో చక్రం దగ్గర నూనె, ఆ నూనె పైన గ్యాసు నింపిన ఇనుప గుండు. దారిలో రాయి వచ్చినా గొయ్యి వచ్చినా ఆ నూనే గ్యాసూ దిగమింగేసేవి. కూర్చున్నవాడికి తెలిసేది కాదు.

వానాకాలంలో మొదలైంది జబ్బు. రాత్రి నిలబెట్టిన కారు పొద్దున చూస్తే ఎడమ వెనక చక్రం మీద ఒరిగి ఉండేది. తర్వాత ముందువైపూ దిగడం మొదలెట్టింది. ఒక పొద్దున దారిలో పడుకున్న గేదెలాగా పొట్ట నేలకానించి కూర్చుంది. కనక కిందికి వంగి చూసి, వేళ్లకంటిన నూనె చీర కుచ్చెళ్లకి తుడుచుకుంది.

"కారిపోతందండి సినబాబుగోరూ. వొట్టి సీలు పోనేదు, ఇంకేటో పోనాది."

విశాఖపట్నంలో సీళ్లు మార్చారు, పంపు మార్చారు. చివరికి ఆ ఇనుప గుండ్లే చచ్చిపోయాయన్నారు. ఆ మోడల్ ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యడం లేదట. "ఉన్నన్నాళ్లు మెల్లగా నడుపుకోండి సార్," అని మేస్త్రీ జాలిగా చెప్పాడు.

ఆ మాట విని దేవీప్రసాద్ తమ్ముడి మంచం అంచున కూర్చున్నాడు.

"అమ్మేద్దాం రా వరాలూ. కొట్టు వెనకాల గది ఖాళీ చేయిస్తాను. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తాది. టీవీ పెట్టిస్తాను. నీకెందుకురా ఇంక కొండలూ కోనలూ?"

వరహాలరావు పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. ఆ గది అతనికి తెలుసు. దాని కిటికీలోంచి రోడ్డు నిజంగానే కనిపిస్తుంది.

"ఒక్కసారి కరకపుట్టు ఎల్లొస్తానన్నయ్యా," అన్నాడు. "సోములమ్మ మిరియాలు ఉంచుతానంది."

కరకపుట్టు అనంతగిరి దాటాక, తారురోడ్డు వదిలి మట్టిబాటలో కొండల్లోకి పోతే వచ్చే చిన్న ఊరు. కనక నూనె డబ్బా డిక్కీలో వేసుకుని బయల్దేరింది. ఘాట్‌రోడ్డు ఎలాగో ఎక్కారు. మట్టిబాట మొదలయ్యేసరికి కారు కుంగిపోయింది. ప్రతి రాయీ నేరుగా వరహాలరావు వెన్నుకే తగిలింది. పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. కొండవాగు గెడ్డ ఒడ్డున, సోములమ్మ ఇంటి ముందుకొచ్చి కారు పూర్తిగా చతికిలబడింది.

సోములమ్మ, జీపు నడిపే ఆమె కొడుకు గాసి, కనక, ముగ్గురూ కలిసి అతన్ని దించి నులకమంచం మీద పడుకోబెట్టారు. ఆ స్థితిలో కదిలించడానికి లేదు. రాగిపిండితో కాచిన చోడి అంబలి తాగించి, ఆ పూటకి అక్కడే ఉండిపొమ్మంది సోములమ్మ.

తెల్లారేసరికి గెడ్డ మీంచి మంచు లేచి ఊళ్లోకి వచ్చింది. కరకపుట్టు మంచు ఎంత బరువైనా మోస్తుంది. సంతల కోసం వచ్చీ పోయీ వరహాలరావు ఎన్నోసార్లు చూసినదే. కాఫీ పళ్లు కోసే ఆడవాళ్లు నిండిన బుట్టల్ని నడుమెత్తులో మంచు మీద ఆనించేసి, రెండు చేతులా కోసుకుంటూ పోతున్నారు. ఎవరిదో కోడి చూరు కింద మంచు మీద ముడుచుకుని కూర్చుంది. ఎండొచ్చేలోగా అన్నీ దించుకోవాలి, అదొక్కటే ఆ ఊరివాళ్లకి బెంగ. కనక మొహం కడుక్కుని, తువ్వాలు ఎక్కడ వెయ్యాలా అని అటూ ఇటూ చూసి, మంచు మీదే ఆరేసింది.

సోములమ్మ కారు చుట్టూ తిరిగి వచ్చింది.

"ఆ గుండుల్లో ఏటుంటాది బాబూ?"

"గ్యాసు. గాలి లాంటిదేలే. అది పోయింది."

"పోతే మంచెట్టుకోండి," అంది ఆమె. కూరలో ఉప్పు చాలకపోతే వేసుకోమన్నట్టు.

గాసి జీపులోంచి పానాలు తెచ్చాడు. అతనూ కనకా కలిసి కారు కింద దూరి, నాలుగు గుండ్లూ ఊడదీసి, గెడ్డ మధ్యలో బండ మీద మూతులు పైకి పెట్టి వరసగా ఉంచారు. వరహాలరావు మంచం మీంచి తల తిప్పి చూస్తున్నాడు. మంచు బండ మీదికి ఎగబాకి, ఒక్కో గుండులోకీ దిగింది. నీళ్లలో ముంచిన బిందెలాగా ఒక్కొక్కటీ బుడబుడమంది. నిండాక కనక మూతులు బిగించింది.

"బేగి బిగించండి, ఎండొచ్చీగల్దు," అని తొందరపెట్టింది సోములమ్మ.

గుండ్లు బిగించి, నూనె పోసి, ఇంజను తిప్పారు. కారు మట్టిలోంచి లేచింది. కొన్న రోజు కూడా అంత హాయిగా లేవలేదు. వరహాలరావుని ఎక్కించుకుని, నిన్న వచ్చిన మట్టిబాట మీదే కనక మెల్లగా పోనిచ్చింది. నిన్న వెన్నుని పొడిచిన రాళ్లు చక్రాల కింద పడడం అతనికి కనిపిస్తోంది, తెలియడం లేదు. కుదుపు వస్తుందని ముందే బిగుసుకున్న భుజాలు, ఎంతకీ అది రాకపోయేసరికి, నెమ్మదిగా వాటంతటవే దిగాయి.

"కనకా, ఆ రాళ్ల మీంచి ఇంకోసారి పోనీ."

కనక వెనక్కి తిప్పి మళ్లీ పోనిచ్చింది. అనంతగిరి వచ్చేసింది. నడుం అనేది ఒకటుందని వరహాలరావు మరిచిపోయిన మొదటి ప్రయాణం అది.

అనంతగిరి కింద, ఘాట్‌రోడ్డు మీది డముకు దాటి కొంత దూరం దిగారు. ఎండ ముదిరింది. కింద మైదానం మీంచి వెచ్చటి గాలి కొడుతోంది. కనక స్టీరింగు మీదికి వంగింది.

"సినబాబుగోరూ, దిగిపోతందండి."

ఇంకో మలుపు తిరిగేసరికి కారు పొట్ట రోడ్డుని గీరింది. వరహాలరావు గొంతులోంచి కేక వచ్చింది. కనక చప్పున ఆపి, ఎలాగో వెనక్కి తిప్పి, మళ్లీ పైకెక్కించింది. డముకు చేరేసరికి కారు దానంతటదే పైకి లేచింది. పక్కనున్న కాఫీకొట్టు దగ్గర ఆగి కాసేపయ్యాక మళ్లీ దిగి చూశారు. అదే చోట, అదే మలుపు దగ్గర మళ్లీ కుంగింది. మళ్లీ పైకొచ్చేశారు. కింది ఎండకి లోపలి మంచు పలచబడిపోతోంది. పైకి రాగానే చిక్కబడుతోంది.

"సీకటడ్డాక సల్లబడితే దిగిపోదారి," అంది కనక. "ఇల్లు సేరిపోవొచ్చు."

"చేరాక?"

ఇల్లు చేరాక కారు మళ్లీ లేవదని ఇద్దరికీ తెలుసు.

వరహాలరావు లోయలోకి చూశాడు. కింద ఎక్కడో శృంగవరపుకోట, అన్నయ్య, కొట్టు వెనక గది. అన్నయ్య ఈపాటికి ఆ గదికి వెల్ల వేయిస్తూ ఉంటాడు.

"నేను పైనే ఉండిపోతాను కనకా."

"మరి నా మాటేటి?" కనక గిర్రున తిరిగింది. "మా గుంట బడి ఎస్‌కోటలో ఉంది. నాను కొండెక్కి కూకుంటే దానికి జడెవులేత్తారు? మిమ్మల్నెవుల్తిప్పుతారు?"

"దిగు. ఇటొచ్చి కూర్చో."

పడ్డ రోజు నుంచీ అతను స్టీరింగు ముట్టలేదు. కాళ్లు బాగానే ఉన్నాయి, చేతులూ బాగానే ఉన్నాయి, భయమంతా కుదుపుకే. కారు చుట్టూ నడిచి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. చెమట పట్టిన అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు. కారు ముందుకు కదిలింది. కనక పక్కసీట్లో పైపిడి పట్టుకుని, "మెల్లగండి, మలుపండి, హారన్ కొట్టండి," అని అనంతగిరి దాకా సణుగుతూనే ఉంది. మొదటి రెండు మలుపులూ అతను ఊపిరి తియ్యకుండా తిప్పాడు. ఆ తర్వాత ఎదురొచ్చిన కాలేజీ కుర్రాళ్ల బస్సుకి తనే హారన్ కొట్టి దారిచ్చాడు.

బజారులో కారు ఆపాక కనక నెమ్మదిగా అంది, "ఐతే నా పని పోనట్టే."

"పోలేదు. పైన సగం నాది, కింద సగం నీది. కొట్టు వ్యాను తీసుకుని డముకు దాకా రా. సరుకు నీకప్పగిస్తాను. అన్నయ్యకి చేర్చు."

కనక కాస్త ఆలోచించింది. "వ్యాను బ్రేకులు బాగుసేయించాల," అంది. ఒప్పుకున్నట్టే.

అన్నయ్యకి ఫోను చెయ్యడమే కష్టమైంది. విషయమంతా విని దేవీప్రసాద్ అడిగాడు.

"నేనేమైనా తక్కువ చేశానేట్రా వరాలూ?"

"లేదన్నయ్యా. ఎక్కువే చేశావు."

ఫోను పెట్టేశాడు అన్నయ్య. మర్నాడు కనక చేత మందులు, దుప్పటి, చిన్నప్పటి నుంచీ వాడే తలగడా పంపాడు. మాట మాత్రం పంపలేదు.

వరహాలరావు అనంతగిరి బజారులో ఒక దర్జీ ఇంటి వెనక గది అద్దెకి తీసుకున్నాడు. ఉదయాలు ఊళ్లు తిరిగేవాడు. వేసవిలో కొండ మీద కూడా మధ్యాహ్నానికి కారు కాస్త వంగేది, అప్పుడు చెట్టు నీడన ఆపుకుని కునుకు తీసేవాడు. వంట మొదట్లో మాడ్చాడు, తర్వాత కుదిరింది. సరుకు కోసం డముకులో కనక ఎదురుచూసేది. అన్నయ్య ఎలా ఉన్నాడని అడిగితే, "బాగున్నారు," అనేది. ఒకసారి మాత్రం ఆగి చెప్పింది. "కుడి బుజం పట్టేసిందంట. రాత్రులు నిద్దర్నేదంట. మిమ్మల్నెత్తీవోరు కదా, అప్పుటిదంట. మీకు సెప్పొద్దన్నారు."

వానలు పడ్డాక ఒక ఉదయం డముకులో వ్యాను ఆగితే, కనక పక్కనుంచి దేవీప్రసాద్ దిగాడు. చిక్కిపోయాడు. తమ్ముడు డ్రైవరు సీట్లోంచి తనంతట తనే దిగి, బస్తా మూతి సర్ది, తనవైపు నడిచి రావడం నిలబడి చూశాడు. పట్టుకోవడానికని చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. మధ్యలోనే ఆగి జేబులోకి పోయింది.

"నల్లబడ్డావు," అన్నాడు.

"ఎక్కన్నయ్యా. కరకపుట్టు ఎల్లొద్దాం."

మొదట్లో ప్రతి మలుపుకీ దేవీప్రసాద్ ఎడమచేత్తో తలుపు పిడి పట్టుకుని, నొప్పి భుజం వైపు చేతినే చాచి తమ్ముడికి అడ్డం పెట్టాడు. మట్టిబాట వచ్చింది. ఎదురుగా పెద్ద రాళ్లు చూసి, "ఒరే, నీ నడుం," అన్నాడు. రాళ్లు వెనక్కి పోయాయి. మరికొన్ని వచ్చాయి, పోయాయి. అతని చెయ్యి మెల్లగా ఒళ్లోకి దిగింది. కొట్లో గుమాస్తా సరిగ్గా తూకం వెయ్యడం లేదని చెప్పడం మొదలెట్టి, సగం మాటలో ఆగిపోయాడు.

వరహాలరావు పక్కకి చూశాడు. అన్నయ్య నోరు కొంచెం తెరుచుకుని, తల సీటుకి వాల్చి నిద్రపోతున్నాడు. రాళ్ల మీద కారు పోతూనే ఉంది. ఆ తల అటూ ఇటూ కూడా ఊగడం లేదు.

కరకపుట్టు వచ్చింది. గుమ్మంలో సోములమ్మ చేటతో నిలబడి, అంబలి కాచి ఉంచానని కేక వెయ్యబోయింది. వరహాలరావు పెదాల మీద వేలు ఆనించి చూపించాడు. ఆపితే అన్నయ్య లేచిపోతాడు. ఊరు దాటాక కూడా బాట ఉంది, ఎంత దూరముందో అతను ఎప్పుడూ పోయి చూడలేదు. కారుని అటే పోనిచ్చాడు.