రాగిరేకు చాటున

నేను ఒక తాళంచెవిని. నాకు పళ్లు లేవు, దూరడానికి కన్నమూ లేదు. అరచేతిలో ఇమిడే నల్లటి ప్లాస్టిక్ బిళ్లని. తలుపు మీద చెయ్యి పడగానే కారు నన్ను గాలిలో పిలుస్తుంది. జేబులోంచే పలుకుతాను. పలికితేనే తలుపు తెరుచుకునేది, ఇంజను లేచేది. పలక్కపోతే, లోపలున్న ఇమ్మొబిలైజర్ అనే కాపలాదారు, దేవుడొచ్చి తోసినా ఇంజను అంటుకోనివ్వడు.

ఫ్యాక్టరీలో మమ్మల్ని కవలలుగా పుట్టించి, ఇద్దరికీ ఒకే రహస్యం నూరిపోశారు. విజయవాడ షోరూములో రంగనాయకులుగారు అందుకున్నారు. నా కవల బీరువాలోకి పోయింది, నేను ఆయన చొక్కా జేబులోకి. ఆ జేబు వెనక గుండె ఉండేది. బందరు రోడ్డులో సిగ్నల్ దగ్గర ఒకరోజు అది ఆగిపోయింది. నాకేమీ అనిపించలేదు. ఇంజను నడుస్తూనే ఉంది.

తర్వాత ఆయన భార్య విశాలాక్షమ్మ నన్నొక తోలు పౌచ్‌లో పెట్టి, కొత్తగా కుదిరిన డ్రైవర్ ఏసోబు చేతికిచ్చారు. ఆవిడ అప్పటికే మాట్లాడటం మానేశారు. ఏమడిగినా తలూపడమే.

పౌచ్‌లో నా వీపుకి ఏదో చల్లగా తగిలేది. కారు పిలుపు ఒకసారి వినపడేది, ఒకసారి వినపడేది కాదు. రైతుబజారు ముందు, ఆసుపత్రి గేటు దగ్గర, నేను ఏసోబు చేతిలో ఉండగానే కారు తెర మీద 'కీ లేదు' అని పడేది.

రంగనాయకులుగారి తమ్ముడు గిరిధర్‌కి అంతే చాలింది. "వదినా, వీడు తాళం విప్పి డూప్లికేట్ చేయించాడు. రేపు కారే మాయమవుతుంది." వదిన గోడవైపు చూశారు.

బీరువాలోంచి నా కవలని తీయించి, అందర్నీ ఆటోనగర్ షెడ్డుకి తీసుకెళ్లాడు. "వీడి చెయ్యి పడిందని తేలితే ఇట్నుంచి ఇటే పోలీస్ స్టేషన్‌కి."

మెకానిక్ జానీ స్కానర్ తగిలించాడు. "కారుకి తెలిసినవి రెండే తాళాలు సార్. మూడోది లేదు."

"అయితే ఉన్నదాన్ని పాడుచేశాడు!"

జానీ నాకు కొత్త సెల్ వేసి మళ్లీ పౌచ్‌లో పెట్టాడు. కీ లేదు. నా కవలతో నొక్కాడు. ఇంజను టక్కున లేచింది. ఆపి, దాన్ని దూరంగా బల్ల మీద పెట్టాడు. ఇక నన్ను నిలువునా విప్పుదామని పౌచ్‌లోంచి తీసి సీటు మీద పడేసి, ఎందుకైనా మంచిదని బటన్ నొక్కాడు. లేచింది! పౌచ్‌లో పెడితే లేవలేదు.

"తెగులు తాళానిది కాదు, దీని చొక్కాది," అని పౌచ్ అస్తరు కోశాడు. లోపల రాగిరేకు. "ఇది అడ్డుంటే సిగ్నల్ ఎట్టా పోద్ది?"

గిరిధర్ రేకు లాక్కున్నాడు. గళ్లు, గళ్లలో బీజాక్షరాలు, మధ్యలో ఒక పేరు. ఏసోబు.

"చేతబడి వదినా! సంతకం కూడా పెట్టుకున్నాడు వెధవ!"

"చర్చికెళ్లేవోణ్ణి సార్, ఆ అక్షరాలు నాకేం తెలుసు? ప్రభువు మీద ఒట్టు!"

"ఒట్లు స్టేషన్‌లో వేద్దువుగాని," అంటూ గిరిధర్ ఫోన్ తీశాడు.

"నేనే కుట్టాను, గిరీ."

ప్లాస్టిక్ కుర్చీలోంచి వచ్చిందా గొంతు. విశాలాక్షమ్మది.

"మీ అన్నయ్య పోయాక సిద్ధాంతిగారితో రక్షరేకు రాయించాను. స్టీరింగు ముందు కూర్చునేది ఇప్పుడు ఇతనేగా. ఇతనికేమీ కాకూడదని."

జానీ స్కానర్ వైరు చుట్టుకోసాగాడు. గిరిధర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఏసోబు నన్ను తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"అమ్మగారూ, నేను దొంగను కాదని మీకు తెలుసు. ఆ ఒక్క ముక్క ఇంటి దగ్గరే అనుంటే సరిపోయేది."

"నోరు పెగల్లేదయ్యా."

"అవునులెండమ్మా." గిరిధర్ చేతిలోంచి రేకు తీసుకున్నాడు. "ఇది నాతో తీసుకెళ్తాను. నా పేరు మీదున్నదేగా." రేకు మడవకుండా జేబులో పెట్టుకుని, లారీల మధ్యనుంచి నడుచుకుంటూ పోయాడు. పనిలోకి మళ్లీ రాలేదు.

ఇప్పుడు నాకు ఏ అడ్డూ లేదు. బాగానే పలుకుతున్నాను. ఇవాళ ఇంకో డ్రైవర్ వచ్చాడు. విశాలాక్షమ్మ గిరిధర్‌ని పిలిచి పక్కన నిలబెట్టి, నన్ను ఆ కొత్తతని చేతిలో పెడుతూ, వీధంతా వినపడేలా అన్నారు:

"ఇతను మంచివాడు."

అతను ఇంకా కారు ముట్టుకోనేలేదు.