పదహారో కణం

డాక్టర్ వకుళ గడ్డ ముక్క ఉన్న స్లైడు పెట్టి దీపం వెలిగించగానే, ఆ గడ్డ ఎవరి మెడలోంచి తీశారో ఆ మనిషి మైక్రోస్కోపుకు అవతలి స్టూలు మీద కూర్చుని ఉంటాడు. చొక్కా గులాబీ రంగు, గుండీలు ఊదా రంగు. ల్యాబులో రంగులద్దేటప్పుడు అంటుకుని ఉంటాయని ఆమె అనుకుంటుంది.

ఆ మైక్రోస్కోపులోంచి ఇద్దరు ఒకేసారి చూడొచ్చు. లింఫోమా అనే క్యాన్సరుకు గ్రేడు వేయాలంటే ఇద్దరు లెక్కపెట్టాలి, ఇద్దరిదీ ఒకే మాట కావాలి. అవతల కూర్చునే సుభద్ర గారు రిటైరై ఆరేళ్ళయింది. అప్పటి నుంచి వకుళ ఒకసారి ఇటు, ఒకసారి అటు కూర్చుని తనతో తనే ఏకీభవిస్తోంది. ఎవరైనా వింటే నవ్వుతారు. వినడానికి ఎవరున్నారు కనుక!

“లాంచీ డ్రైవరు వీర్రాజునండి,” అంటాడతను. “నాది నేనూ లెక్కెడదామని వచ్చానండి.”

“మంచిది. పెద్ద కణాలే లెక్క. సగటున చోటుకి పదిహేను దాటకపోతే రెండో గ్రేడు, ఆగి చూడొచ్చు. దాటితే మూడు. ఘాటు మందులు ఎక్కించాలి.”

“దాటకూడదండి. ఇంట్లో నేనొక్కణ్ణేనండి. మందులెక్కి మంచాన పడితే గంజి పోసేవోళ్ళు లేరండి.”

పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆమెతో మాట్లాడిన మొదటి పేషెంటు ఇతనే. ఆమెకు ప్రాణం లేచొస్తుంది.

పది చోట్ల లెక్కపెట్టాలి. తొమ్మిది చోట్ల ఇద్దరికీ పదిహేనే వస్తాయి. పదో చోట అతనికి పదిహేను, ఆమెకు పదహారు.

అద్దంలో ఇద్దరికీ కనిపించే ఆకుపచ్చ బాణం గుర్తుని అతను మెల్లగా ఓ మూలకి జరుపుతాడు. “ఇది నాది కాదండి. ఇది మీరండి.”

నిజమే. కణం మధ్యలో చిన్న గది, గదిలో వంగి కూర్చున్న ఒక వీపు. వకుళ కళ్ళజోడు సర్దుకుంటే అదీ సర్దుకుంటుంది.

“మిమ్మల్ని వదిలేసి పదిహేనని రాసేయండి.”

“ఉన్నదాన్ని లేదని రాయలేను.”

“మరెలాగండి?”

“లేకుండా పోవాలి.”

ఆమె లేచి నడుస్తుంది. అడుగుకో గజం చొప్పున గది పొడవవుతుంది. నేల మెత్తగా, గులాబీగా ఉంటుంది. స్లైడు గాజు చివర, కణాలేవీ లేని గరుకు చోట, పెన్సిలుతో రాసిన అతని నంబరు గోడంత ఎత్తున నిలబడి ఉంటుంది. ఆమె అక్కడ ఆగుతుంది.

“ఆయ్, పదిహేనండీ! లెక్క కుదిరింది! ఇంక వచ్చేయండి డాక్టరమ్మగారూ!”

వెళ్ళాలని ఆమెకు ఎంతగా ఉందో చెప్పలేం. వెళితే పదహారవుతుంది.

“ఇక్కడ బాగానే ఉందండీ,” అని కేకేస్తుంది. ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

పైనుంచి పెన్సిలు దిగి నంబరు పక్కన ఓ కుర్చీ గీస్తుంది. ఆమె కూర్చుంటుంది. పెన్సిలు కాసేపు ఆలోచించి, ఎదురుగా ఇంకో కుర్చీ మొదలుపెడుతుంది. మూడు కాళ్ళయ్యాక మొన విరుగుతుంది.

వకుళ ముందుకు వంగి, నాలుగో కాలు ఉండాల్సిన చోట అరచెయ్యి పెట్టి, ఆ కుర్చీ పడిపోకుండా పట్టుకుంటుంది.