గట్టు మీది మూలుగు

పాంచాలి మట్టితట్ట ఎత్తుకోబోతుంటే అత్త చెన్నమ్మాళ్ కేకేసింది.

"ముందు రాయికి దండం పెట్టి రా పిల్లా! పెద్దదానికి చెప్పకుండా బావిలో దిగితే కడుపు నిలవనియ్యదు."

ఆ పెద్దది వీరాయి, పాంచాలి మొగుడు అళగిరిసామికి మొదటి భార్య. కుంఫిణీ దొరలు పత్తి ఎంతైనా కొంటున్నారని అతను సింగానల్లూరు పక్కనున్న నల్లరేగడి తోటలో మొదటి బావి తవ్వించాడు. నిండు కడుపుతో మట్టి మోస్తూ వీరాయి గట్టు మీదే కూలిపోయింది. దయ్యమై పట్టుకుంటుందని భయపడి తోట మూలన రాయి నాటారు, చీర చుట్టారు, దీపం పెట్టారు. బతికుండగా ఆమె మొహం చూసి మాట్లాడనివాళ్లు చచ్చాక దండాలు పెట్టారు.

కాపురానికి వచ్చిన నాటినుంచీ పాంచాలిని ఆ భయం వదల్లేదు. పత్తి ఏరుతుంటే వెనక ఎవరో మూలిగేవారు. కడుపు పోయినప్పుడు, "వీరాయే తీసుకుపోయింది" అంది అత్త. పాంచాలి మోసిన తట్టల మాట ఎవరూ ఎత్తలేదు. "రెండో బావి పడితే పక్క చేనూ మనదే. ఆ తరవాత నీకు సుఖమే" అన్నాడు భర్త. వీరాయికీ అతను ఇదే చెప్పి ఉంటాడని ఆమెకు తోచింది.

ఆ పొద్దున రాయి ముందు కూర్చుంటే మూలుగు మళ్లీ వినిపించింది. ఈసారి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మూలుగుతున్నది తనే.

ఆమె చేతులు జోడించింది. "రంగసామీ, ఈ ఆడమనిషికి నీ కాళ్ల దగ్గర చోటియ్యి" అంది. అడిగింది చచ్చినామె కోసమో, తన కోసమో తెలియలేదు. బిడ్డ కోసం, వాన కోసం మొక్కుకోవడమే తెలిసిన ఆమె, ఏదీ కోరకుండా దేవుడి ముందు ఏడవడం అదే మొదటిసారి. ఏడ్చాక గుండె తేలికపడింది. ఇన్నేళ్ల తర్వాత తన మాట ఒకరు విన్నట్టనిపించింది.

అంతలో కారమడై రంగసామి తేరుకు పోతున్న ఆడవాళ్లు గోవిందలు పెడుతూ బాటన వచ్చారు. పాంచాలి తట్ట అక్కడే వదిలి వాళ్ల వెంట నడిచింది. "ఏమ్మే, బావి పని ఎవరు చేస్తారు?" అని అళగిరిసామి అరుస్తూనే ఉన్నాడు.

తేరు అయిపోయింది. తోటివాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. ఆమె మాత్రం రంగసామి కోవెల్లో తులసిమాలలు కడుతూ ఉండిపోయింది.

పత్తి ఏరే కాలానికి అళగిరిసామి బండి కట్టుకొచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"పక్క చేను కొన్నాను. బావిలో నీళ్లు పడినాయి. అయినా అమ్మకు నిద్ర లేదు. గట్టు మీద ఎవరో మూలుగుతా ఉండారంట. నాకూ వినిపిస్తా ఉండాది. నువ్వొచ్చి దీపం పెట్టు పాంచాలీ."

"వినండి మామా. ఇన్నాళ్లూ వినలేదు గదా."

అతను కోవెలంతా కలయజూసి, "అంత తోట ఇడిసిపెట్టి వస్తివే, ఇక్కడ ఏముండాది నీకు?" అన్నాడు.

పాంచాలి మాల ముడి బిగించింది.

"సామి ఉండాడు మామా. నేనూ ఉండాను."