అవునండీ

నందిగామలో చీరల కొట్టు పెట్టకముందు రాధాకృష్ణమూర్తిగారు నాటకాలాడేవారు. బేరాల్లేని మధ్యాహ్నాలు పనివాళ్లచేత ఓ ఆట ఆడించేవారు. ఎదుటివాళ్లేమన్నా ‘కాదు’ అనకూడదు. ‘అవునండీ’ అని అందుకుని మాట పెంచాలి. వాళ్లలో నోటిదురుసు నాగవల్లికి ఆ ఆటంటే ఒళ్లు మండేది.

ఓరోజు చెవిటికల్లు ఊరి నుంచి ఆవిడొకరు వచ్చి చీర విసిరికొట్టింది.

“మీ దగ్గర కొన్నదే! ఒక్క ఉతుక్కే రంగు పోయింది.”

అలాంటి అంచు తమ కొట్లో ఎన్నడూ లేదు. నాలుక చివరిదాకా వచ్చిన ‘కాదు’ను నాగవల్లి మింగేసింది.

“అవునండీ, పోయింది. ఎంత ముచ్చటపడి కొనుక్కున్నారో!”

ఆవిడ కూలబడి కళ్లొత్తుకుంది. “మీది కాదులేమ్మా. కొన్నచోట నన్ను నోరెత్తనివ్వలా.”

నాగవల్లి గల్లా దగ్గర కూర్చున్న మూర్తిగారి వైపు తిరిగి దణ్ణం పెట్టింది. చప్పట్లకు లేచిన చేతులను ఆపుకుని, ఆయన ఆవిడకు మంచినీళ్లందించారు.