ఆరని చంటిచొక్కా

కురె ఊళ్లో బస్సు వేళలు తెలియనివాళ్లుంటారేమో గానీ సముద్రం పోటు వేళలు తెలియనివాళ్లు ఉండరు. ఓడల డ్రాయింగులు దాచే ఆ చిన్న ఆఫీసులో అయితే మరీనూ. పోటు ఇంకో అరగంట ఉందనగా, వాటిని చూసుకునే కనామే కుర్చీలోంచి లేచి, పొడిగుడ్డలూ బేసిన్లూ తెచ్చి బల్లల దగ్గర సర్దుతుంది. యుద్ధంలో మునిగిపోయిన పెద్ద యుద్ధనౌక డ్రాయింగులవి. సముద్రం పొంగగానే అవి వాటంతటవే, గీసిన ఓడ నీటిమట్టం గీత దాకా తడుస్తాయి. ఓడ అడుగుభాగం గీసిన షీట్లయితే ముద్దయిపోతాయి. పోటు తగ్గాక అద్ది ఆరబెట్టుకోవాలి. పాత కాగితాలన్నాక ఏదో ఒక రోగం తప్పదు, కొన్నిటికి చెద, వీటికి ఉప్పునీళ్లు అంటుంది కనామే.

తడికి వెలిసిన గీతల్ని మళ్లీ సిరాతో దిద్దడానికి వారానికి మూడు రోజులు ఫుసాయే వస్తుంది. అరవై ఐదేళ్ల మనిషి. పడుచుతనంలో ఓడల కార్ఖానాలో ట్రేసింగు పిల్ల. ఇంజనీర్లు పెన్సిలుతో గీసినదాన్ని గంజిపెట్టిన సన్నటి నూలుబట్ట మీదకి సిరాతో ఎక్కించడం ఆ పిల్లల పని. ఆ బట్టనుంచి తీసిన నకళ్లు చూసే ఓడ కట్టేవారు. ఓడ పేరేమిటో మాత్రం ఆ పిల్లలకి చెప్పేవారు కాదు.

యుద్ధం ఓడిపోయిన ఆగస్టులో డ్రాయింగులన్నీ తగలబెట్టమని పైనుంచి హుకుం వచ్చింది. మూడు రోజులపాటు కార్ఖానా పెరట్లో ఒకటే పొగ. అయినా కొన్ని దక్కాయి. ఒకటి బియ్యపు డబ్బా అడుగున, ఇంకొకటి జరుపుడు తలుపు కాగితం లోపల. పదకొండేళ్లుగా కనామే ఇల్లిల్లూ తిరిగి వాటిని పోగుచేసింది. ముప్పై ఏడో షీటుకి ఇంజనీరు పెన్సిలు కాగితం దొరికింది గానీ, సిరాతో ఎక్కించిన బట్ట ఒక్కటే దొరకలేదు. వెనకభాగంలో అట్టడుగు పంపుగది ఉన్న షీటు అది. ఆ మాట వచ్చినప్పుడల్లా ఫుసాయే తుడిచిన కలాన్నే మళ్లీ తుడుస్తూ కూర్చునేది.

తుడవక ఏం చేస్తుంది, ఆ షీటు ఆవిడ ఇంట్లోనే ఉంది, చంటిచొక్కా అయిపోయి.

ఓటమి తర్వాత బట్టకి కరువు. ట్రేసింగు బట్టని వేణ్ణీళ్లలో ఉడకేస్తే గంజీ సిరా వదిలి మెత్తటి మల్లుగుడ్డ అయ్యేది. ఆ పిల్లలందరి ఇళ్లలోనూ అప్పట్లో ఆ రుమాళ్లే. ఫుసాయే కూతురికి చొక్కా కుట్టింది. ఆ చొక్కా రోజూ రెండు పోట్లకీ రెండుసార్లు నీళ్లు కారుతుంటే, నలభై రెండేళ్లుగా వెదురు దండెం మీద ఆరేస్తూనే ఉంది. మీ చంటిది ఇంకా పక్క తడుపుతోందా అని పక్కింటి ఓకియో వేళాకోళం చేస్తుంది. ఆ చంటిదానికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

ఆ శరదృతువులో కనామే జాబితా ముగించబోయింది. ముప్పై ఏడో షీటు ఎదురుగా ‘నశించినది’ అని రాయడానికి కలం ఎత్తితే ఫుసాయే ఒక్కరోజు ఆగమంది. మర్నాడు చొక్కాని మూటగట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తిట్టాలనుంటే మొత్తం విన్నాక తిట్టు అమ్మాయ్," అంది.

పంతొమ్మిదేళ్లప్పుడు, నిద్ర చాలక తూగుతుంటే, ఆవిడ కలంనుంచి పంపుగది పైకప్పు మీద సిరాబొట్టు పడింది. మరక గోకితే అజమాయిషీ చేసేవాడి కంట పడుతుంది, ఆ వరస పిల్లలందరికీ శిక్ష. అందుకని చిన్న బొట్టుని బోల్టుగా దిద్దెయ్యడం ఆ పిల్లలందరికీ తెలిసిన గడుసుతనం. ఇది బోల్టుకి మరీ పెద్దది. ఫుసాయే దాని చుట్టూ గుండ్రంగా గీత తిప్పి, మనిషి పట్టే మూతకన్నం చేసేసింది. అజమాయిషీదారు ముద్ర కొట్టాడు. ఓడలో నిజంగానే కన్నం పెట్టారు. తర్వాత ఆవిడ తమ్ముడు తోకుజోకి, పద్దెనిమిదేళ్లవాడికి, ఆ పంపుగదిలోనే పని పడింది. ఓడతో పాటే వాడూ పోయాడు. తన కన్నంలోంచే నీళ్లు వచ్చి వాణ్ణి మింగేశాయని ఆవిడ నమ్మకం. తమ్ముడున్న గదిని మంటలో పడెయ్యలేక, పొట్టకి చుట్టుకుని ఇంటికి తెచ్చి, ఆ కన్నం పోయేదాకా ఉడకేసింది.

 కనామే మెల్లగా అంది. "పిన్నిగారూ, ఆ గదిలోకి నీళ్లు కిందినుంచి వచ్చాయి. పైకప్పులో కన్నం నీళ్లకి దారి కాదు. లోపలున్నవాడికి దారి."

ఫుసాయే చొక్కా వైపు చూసింది. "అయితే వాడి దారిని ఉడకేసి మూసేసింది నేనన్నమాట."

ఇద్దరూ కుట్లు విప్పి, ముక్కల్ని కలిపి గంజిపెట్టి పరిచారు. కలం మొన ఒత్తిడి బట్టలో ఇంకా సన్నగా ఉంది. పక్కనే ఇంజనీరు పెన్సిలు షీటు. అందులో కన్నం లేదు. ఇంజనీరు గీసినట్టే దిద్దాలన్నది ఆఫీసు పద్ధతి. కన్నం గీస్తే జాబితాలో ట్రేసింగు తప్పు అనీ, తప్పు చేసిన మనిషి పేరూ రాయాలి. అద్దం కింద పెట్టిన ఆ షీటుని ఊరంతా వచ్చి చూస్తారు. వదిలేస్తే ఎవరికీ తెలియదు పిన్నిగారూ అని కనామే మొహం తిప్పుకుని చెప్పింది.

ఫుసాయే గోడలు గీసింది, పంపు గీసింది, నిచ్చెన గీసింది. పైకప్పు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. సిగ్గు పడాల్సిందంతా నలభై రెండేళ్లు పడ్డాను, ఇంకేం మిగిలింది అనుకుంది. కలం నిండా సిరా ముంచి, ఒక బొట్టు రాలనిచ్చి, చుట్టూ గుండ్రంగా గీత తిప్పింది.

"నా పేరు స్పష్టంగా రాయి అమ్మాయ్."

నాలుగింటికి పోటు వచ్చింది. మిగతా షీట్లన్నీ ఎప్పటిలాగే తడిశాయి. ముప్పై ఏడో షీటు మీద మాత్రం ఆ కన్నంలోంచి బియ్యపుగింజలంత తడి అడుగులు బయలుదేరి, షీటు దాటి, బల్ల అంచు దాకా వెళ్లాయి. నేల మీద అవే మగవాడి పాదమంత అయ్యి మెట్లు దిగిపోయాయి, ఫుసాయే వాటి వెంట పడింది. జారి పడతారు, చూసి దిగండి అని కనామే గుడ్డతో తుడుచుకుంటూ వెనకే వచ్చింది.

బస్సు దిగి కొండెక్కేసరికి ఎండ వాలుతోంది. ఓకియో గుమ్మంలోనే ఎదురైంది. మీ తమ్ముడొచ్చాడు, ఒళ్లంతా ముద్ద, అక్కని ఇన్నాళ్లు కనిపెట్టుకుని ఉండేలా చెయ్యడానికి సిగ్గు లేదా అని నాలుగు చీవాట్లు పెట్టాను అంది.

చంటిచొక్కా ఉండే దండెం మీద నావికుడి చొక్కా వేలాడుతోంది. అరుగు మీద పద్దెనిమిదేళ్ల తోకుజో, ఫుసాయే పోయిన మొగుడి యుకాతా నూలు అంగీ చుట్టుకుని, ఉడికిన చిలగడదుంప తింటున్నాడు. తలెత్తి ఆవిడ తెల్లజుట్టు వంక తేరిపార చూశాడు.

"ఏమే అక్కా, ఇంత ముసలిదానివైపోయావేమే?"

ఫుసాయేకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే, ఆ తడి కాళ్లతో చాపలు తొక్కకు అని కసిరి, రెండు గిన్నెల బియ్యం కడగడానికి లోపలికి వెళ్లింది.

మర్నాడు తెల్లవారుజామున పోటు వేళ దాటింది. దండెం మీది చొక్కా ఆరే ఉంది.