సముద్రపు ఆవు, ఎదుటి రాయి

ఆమె సీసా మూత బిగించి రాతి మీద నీళ్లు చిలకరించింది. బూడిద పూసినట్టు రాతిని అంటుకుని పెరిగే లైకెన్ చూస్తుండగానే పచ్చబడింది. ఇన్నేళ్లుగా రోజూ పొద్దున్నే చూస్తున్నా ఆమెకది పాతబడలేదు. మ్యూజియంలో అందరూ ఆమెను రాళ్లక్క అంటారు. ఆ ఉద్యోగం ఇవాళ్టితో సరి.

ఎదురుగా పీపాలాంటి ఒళ్లుతో సముద్రపు ఆవు, నీటి అడుగున గడ్డి మేసే జంతువు. ఇక్కడున్నది పీచు కూరి కుట్టిన దాని తోలు. చెమ్మ తగిలితే బూజు పట్టిపోతుంది. అందుకే దాని కాపలాదారు తన స్టూలు దాటి నీళ్ల సీసాను ఏనాడూ రానివ్వలేదు.

ఇద్దరికీ ఎప్పుడూ రగడే. తన ఆవుది పాలిచ్చి పిల్లను పెంచే జాతి అనీ, ఏనుగుకు దూరపు చుట్టమనీ అతను మీసం దువ్వేవాడు. నీ రాయికి వంశమేదీ అని ఎకసెక్కం. తన రాతి మీద లైకెన్‌ది ఇద్దరి కాపురమని ఆమె జవాబు. ఇల్లు కట్టేది శిలీంధ్రం, లోపల కూర్చుని వండిపెట్టేది నాచు, జాతుల పట్టికలో పేరు మాత్రం శిలీంధ్రానిదే. అచ్చం మా ఇంట్లోలాగే అని నవ్వేది. ఆపదలో ఉన్న జాతులకు అతికించే ఎర్ర చీటీల దగ్గర ఆమెదే పైచేయి. ఆవుకు ముప్పు పొంచి ఉందని రాశారు, లైకెన్ అయితే అంతరించే అంచునే ఉంది. అది గొప్పలు పోయే సంగతి కాదని ఇద్దరికీ తెలుసు.

తడిపే మనిషి లేకపోతే రాయిని గోదాములో పడేయక తప్పదని అధికారి నిన్న చెప్పాడు. ఆ చీకట్లో అది బతకదు. ఎవరినో ఒకరిని ఒప్పించనిదే గడప దాటకూడదని ఆమె పంతం పట్టింది. టికెట్లమ్మాయినీ తోటమాలినీ అడిగింది. ఎవరి పని వాళ్లకే తలకు మించి ఉంది. కాపలాదారును అడగడానికి మాత్రం మనసొప్పలేదు. అతని నోట కాదనిపించుకోవడం ఆమెకు కష్టం.

మూసే గంట కొట్టాక ఇక తప్పలేదు.

"తమ్ముడూ, రోజుకొక్కసారి చాలు. పైపైన తడిపితే చాలు."

"నా ఆవు పాడైతేనో?"

"చేతులు తుడుచుకుని దాని దగ్గరికి వెళ్లు."

అతను సీసా వంక చూశాడు. ఆమె కదల్లేదు.

"సరేలే అక్కా, మీరు బయల్దేరండి" అన్నాడు చివరికి.

వదిలించుకోవడానికి అన్న మాటేమోనని ఆమెకు అనుమానమొచ్చింది. అడుగంటిన సీసాను రాతి పక్కన పెట్టి వెళ్లిపోయింది. గేటు దాకా వెళ్లాక గొడుగు గుర్తొచ్చి వెనక్కొచ్చింది. అతను కిటికీలు మూస్తున్నాడు. రాతి పక్కన సీసా లేదు.

అది ఆవు ముందర, అతని స్టూలు మీద, మడత పెట్టిన తువ్వాలుపై ఉంది. పైన చుక్క తడి లేకుండా తుడిచి, లోపల నిండా నీళ్లు పట్టి.