చిలకమ్మ అప్పజెప్పిన మాట

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆ గిన్నెలు ఎక్కడికీ పారిపోవు. నీకు ఒక వంటక్క కథ చెబుతాను. కథ నిండా కుళ్లుబోతుతనమే, ముందే చెబుతున్నాను. మొహం తిప్పుకోకుండా వినాలి.

వంటక్క రోజూ పొయ్యి వెలిగించే ముందు చిలకమ్మకు జడ వేసేది. చిలకమ్మకు ముప్ఫై అయిదేళ్లు, బుద్ధి మాత్రం అయిదేళ్ల దగ్గరే ఆగిపోయింది. ఎవరేమన్నా, అన్నవాళ్ల గొంతుతో సహా అప్పజెబుతుంది, అందుకే ఆ పేరు. అలాంటి పెద్దవాళ్లు నలుగురినీ, చూసే దిక్కులేని పిల్లలు పదిహేనుమందినీ పగలంతా కనిపెట్టుకుని ఉండే చిన్న ట్రస్టు అది. రెండు గదులు, ఒక వరండా, ఎప్పుడూ కారే కుళాయి. తొమ్మిదేళ్లుగా వంటక్క అక్కడ వండి, వడ్డించి, ముక్కులు తుడిచి, తడిసిన బట్టలు మార్చి, ఇంటికి పోయి మళ్లీ అవే పనులు చేసేది. అక్కడ దాన్ని సేవ అన్నారు, ఇంట్లో బాధ్యత అన్నారు. పని అని మాత్రం ఎవరూ అనలేదు.

అలాంటి చోటికి మెడలో కార్డు వేలాడేసుకుని ఒకామె వచ్చింది. పాతికేళ్లు దాటి ఒకటో రెండో. పిల్లలకూ, తమను తాము కాచుకోలేని పెద్దలకూ ఎవరివల్లా హాని జరగకుండా చూడటమే ఆమె ఉద్యోగమట. వచ్చీ రాగానే గోడకు కాగితం అంటించింది. ఎవరినీ ఒంటరిగా గదిలోకి తీసుకెళ్లకూడదు. తలుపు మూయకూడదు. ఎవరైనా బాధ చెప్పుకుంటే "ఎవరికీ చెప్పనులే" అని మాట ఇవ్వకూడదు. వాళ్లన్నది అన్నట్టే ఆ రోజే రాసిపెట్టాలి.

"అబ్బో! ముగ్గుర్ని కన్నదాన్ని, కాగితం చూసి నేర్చుకోవాలా నేను?" అని వంటక్క గరిటెతో గిన్నె అంచు మోగించింది.

"మీ దగ్గరే నేను చాలా నేర్చుకోవాలక్కా" అంది కార్డు మేడమ్.

ఆ మంచితనం మరీ మండించింది. తిట్టినవాళ్లను తిరిగి తిట్టొచ్చు, మంచిగా ఉన్నవాళ్లను ఏం చేస్తాం? ఆమెకు కుర్చీ ఉంది, బల్ల ఉంది, తాళం వేసుకునే సొరుగు ఉంది. తొమ్మిదేళ్లలో వంటక్క చెప్పుల జతకు కూడా ఒక చోటు లేకపోయె. పిల్లలు పిలిస్తే మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని, లోకంలో ఇంకే పనీ లేనట్టు వినేది. వంటక్క అలా వినబోతే అడుగంటేది. ఒకరోజు చిలకమ్మ కూడా కంచం పట్టుకుని లేచి, మేడమ్ పక్కకు పోయి కూర్చుంది. ఆ నాలుగడుగులూ వంటక్క గుండె మీదుగానే నడిచింది.

ఇంట్లో చెప్పుకుంటే మొగుడు నవ్వాడు. "ఆమె చదువుకుంది. నీదేముందే, గరిటె తిప్పడమేగా."

అదే మొగుడు ఒక సాయంత్రం బుసలు కొడుతూ వచ్చాడు. అతని అన్న, అంటే వంటక్కకు బావగారు, ట్రస్టులో ఫ్యాన్లూ కుళాయిలూ ఊరికే బాగుచేసి పెట్టే మనిషి, అందరిచేతా దేవుడనిపించుకున్నవాడు. మేడమ్ ఆయన్ని గేటు దగ్గరే ఆపేసిందట. చిలకమ్మ ఏదో చెప్పిందట.

"రేపు ట్రస్టు కమిటీ నిన్ను పిలుస్తోంది. అది మతిలేనిది, ఏదో వాగుతుంటుందని నువ్వు చెప్పు. తొమ్మిదేళ్లుగా ఉన్నావు, నీ మాటే వింటారు."

నీ మాటే వింటారు! పెళ్లయ్యాక మొగుడి నోట ఆ ముక్క రావడం అదే మొదలు. ఒక్క మాటతో బావగారు నిలబడతాడు, మేడమ్ మూటాముల్లె సర్దుకుంటుంది. వంటక్క ఆ పూట ఆవురావురుమంటూ తిని హాయిగా నిద్రపోయింది.

పొద్దున్నే జడ పాయలు తీస్తూ నిలదీసింది. "ఏమే, ఇన్నేళ్లు నీ తల దువ్వింది నేను. మేడమ్‌కి చెప్పేముందు నాకెందుకు చెప్పలేదే?"

చిలకమ్మ అప్పజెప్పింది. ముందు తన గొంతుతో: "అక్కా, బావ చెయ్యి వద్దు." వెంటనే అచ్చం వంటక్క గొంతుతో: "ఛీ, నోర్ముయ్! ఇంకోసారి అన్నావంటే జడ వెయ్యను."

దువ్వెన ఆగిపోయింది. నిజమే. పోయిన వానాకాలం, పొయ్యి మీద ఏదో పొంగుతుంటే అనేసింది, అని మర్చిపోయింది. ఇలాంటివి మర్చిపోవడం ఆమెకు కొత్త కాదు. కాపురానికొచ్చిన మొదటి ఏడు, పెరట్లో అదే బావగారి చెయ్యి మీద పడితే, అత్తగారి దగ్గరికి పరుగెత్తింది. "ఇంటి పరువు పోతుంది. మింగెయ్" అంది అత్తగారు. మింగింది. ఇరవై రెండేళ్లయినా అరగలేదు.

తన కుళ్లంతా ఎవరి మీదో అప్పుడు తెలిసింది. కుర్చీ ఉన్న మేడమ్ మీద కాదు. చిలకమ్మ మీద. మతిలేనిదని అందరూ అనే మనిషి ఒక్క మాట అంటే మోకాళ్ల మీద కూర్చుని విన్నవాళ్లున్నారు, వెళ్లి గేటుకు అడ్డం నిలబడ్డవాళ్లున్నారు. మతి ఉన్న తనకు ఎవరున్నారు?

జడ చివరిదాకా అల్లి, చేతులు కడుక్కుని కమిటీ ముందుకు వెళ్లింది. మొగుడు గుమ్మంలో నిలబడి కళ్లతోనే బెదిరిస్తున్నాడు.

"చెప్పమ్మా, ఈ పిల్ల కల్పించి చెబుతుందా?" అన్నాడు అధ్యక్షుడు.

"దానికి కల్పించడం రాదండీ. ముందు నాకే చెప్పింది. నేనే నోరు మూయించాను. అది కూడా రాయండి." మేడమ్ రాసి కలం పెట్టబోతే, "ఇంకో కాగితం తియ్యి తల్లీ" అంది. "ఇది చిలకమ్మది కాదు."

అక్కడ చెప్పిందంతా, గుండెలో కుళ్లుతో సహా, ఆ రోజే ఇంటికొచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుని చెప్పింది. ముసలిది ఈసారి చివరిదాకా విన్నది. ఆ బావగారు తన కడుపున పుట్టిన పెద్దకొడుకే అయినా విన్నది.

ఆ అత్తగారిని నేనే తల్లీ. రెండో కాగితంలో నా మాట కూడా ఉంది, నేనన్నది అన్నట్టే. గుర్తుంచుకో. పదిమందికీ చెప్పు. మింగమన్నది ఎవరని వాళ్లడిగితే, దాచకుండా నన్ను చూపించు.